లాంపు బిళ్ళ మీద పేరుండదు

సెంటినరీ కాలనీ,
ఆదివారం.

బాపూ,

తిరుపతి దండాలు. ఇక్కడ నేను, కాక, చిన్నమ్మ, పిల్లలు బాగున్నాము. అక్కడ నువ్వు, అమ్మ, అవ్వ ఎట్లున్నారు? అమ్మను ఫికర్ పెట్టుకోవద్దని చెప్పు, రెండు పూటలా తింటున్నాను. ఎండ మాత్రం చంపుతున్నది. బొగ్గు దుమ్ముకు తెల్ల అంగీలు తొడగడం మానేశాను.

నీ ఉత్తరం నాలుగు రోజులు కాలనీ అంతా తిరిగి చేరింది. అవ్వకు కన్ను ఆనడం లేదని, కాక కార్డులో పేరెక్కించి కంపెనీ దవాఖానలో చూపించమని రాశావు. దానికే ఈ జవాబు. బూత్‌లో నిలబడి ఫోన్లో చెప్పే మాట కాదు. కోపంతోనే రాస్తున్నాను, మన్నించు.

ముందు నా పని తెలియాలి. కాంట్రాక్టరు గదిలో కూర్చుని, కార్మికుల పాత రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాము. నాకెవరూ నేర్పలేదు. పాత పుస్తకాల బండి మీద అట్ట చిరిగిన డేటాబేస్ పుస్తకం ఒకటి కొని నేర్చుకున్నాను. డేటాబేస్ అంటే పట్టికల కట్ట అనుకో. ఒక్కో పట్టికను టేబుల్ అంటారు. అడ్డంగా ఒక వరుస అంటే ఒక మనిషి. నిలువు గడులు కాలమ్‌లు. ఒకదాంట్లో పేరు, ఒకదాంట్లో తండ్రి పేరు, ఒకదాంట్లో ఊరు. పేర్లు కలుస్తాయి కదా. మన ఊర్లోనే నలుగురు రాజయ్యలు. మిల్లు రాజయ్య, కుంటకింది రాజయ్య అని మనం వేరు చేస్తాము. కంప్యూటర్‌కు ఆ తెలివి లేదు. అందుకని ఒక్కొక్కరికి ఒక్క నంబరు. అది ఇంకొకరికి ఉండకూడదు, ఖాళీగా వదలకూడదు. దాన్ని ప్రైమరీ కీ అంటారు.

ఇంట్లోవాళ్ళది వేరే టేబుల్. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు ఒక్కొక్కరికి ఒక వరుస. ప్రతి వరుసలో ఆ కార్మికుని నంబరు మళ్ళీ వేస్తాము. అక్కడ దాని పేరు ఫారిన్ కీ. ఎవరు ఎవరి మనిషో దాన్ని బట్టే తెలుస్తుంది. రెండు టేబుళ్ళకు చుట్టరికం అదే. ఆ నంబరు కింద లేని మనిషికి దవాఖానలో చీటీ రాయరు.

కాక నంబరు కింద తల్లి అని అవ్వ పేరు లేదు. కొమురయ్య తల్లి పేరుంది.

బొగ్గు బాయిలో పని మన ఊరి కొమురయ్యకు వచ్చిందని, దిగడానికి అతను భయపడితే ఆ పేరు మీద మన ఓదెలు కాక దిగాడని నాకెవరు చెప్పారు బాపూ? నువ్వు చెప్పావా? వచ్చిన రోజు పక్క క్వార్టరాయన "కొమురన్నా" అంటే కాక తిరిగి చూశాడు. అట్లా తెలిసింది నాకు.

నీ ఉత్తరం చదివిన మర్నాడు ఒళ్ళు మండి, కాక వరుసలో కొమురయ్యను కొట్టేసి ఓదెలు అని కొట్టాను. పేరు సరైతే అవ్వను తల్లిగా కలపవచ్చు అనుకున్నాను. ఎక్కించినదాన్ని రిజిస్టర్‌తో పోల్చి, తేడా వచ్చిన నంబర్లన్నీ లిస్టు తీస్తారని నా బుర్రకు తట్టలేదు. ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజర్ లిస్టు చదువుతూ అడిగాడు.

"ఎవడుర గీ ఓదెలు? రిజిస్టర్ల కొమురయ్య ఉన్నడు. రేపు లిస్టు ఆఫీసుకు పోతది. ఎంక్వైరీల తేలుతది తియ్."

షిఫ్టు దిగే వేళకు, బాయి దీపాలు ఇచ్చే లాంపు రూము దగ్గరికి ఉరికాను. కాక దీపం ఇచ్చి, దిగేటప్పుడు అక్కడ పెట్టిన తన నంబరు బిళ్ళ తీసుకుంటున్నాడు. జరిగింది చెప్పాను.

"ఎవలు దిద్దమన్నరు నిన్ను?"

"ఇరవై రెండేండ్లు దిగింది నువ్వు కాకా. కొమురయ్య ఒక్కనాడన్న దిగిండా?"

"దిగలే. ఆయన భయంతోనే మనింట్ల పొయ్యి రాజింది. నీ ఫీజు కూడ ఆ పేరు మీదనే కట్టిన. గీ ముచ్చట నీ పుస్తకంల లేదా బిడ్డా?"

కాక ఆ బిళ్ళ నా అరచేతిలో పెట్టాడు.

"సూడు, పేరున్నదా దీని మీద? బాయి కప్పు కూలిన దినం గీ నంబరు తక్కువున్నదని లెక్కజూసి నన్ను గుంజిండ్రు. నీ పేరేందని ఎవ్వలడగలే. ఆ లిస్టు పోతె రేపట్నుంచి నేను బయట, నీ చిన్నమ్మ బయట, పోరగాండ్లు బయట. ఎట్లున్నదో అట్ల పెట్టు పో."

మర్నాడు పొద్దున్నే పోయి నా టైపు తప్పన్నాను. నేను తప్పు కొట్టనని అందరికీ చెప్పుకునేవాణ్ణి. "పుస్తకాలు సదివిన సారుకు సూసి కొట్టుడు రాదు" అని సూపర్‌వైజర్ అంటే గదంతా నవ్వింది. తల వంచుకుని కూర్చున్నాను. కాక పేరును వెనక నుంచి ఒక్కో అక్షరం నేనే చెరిపి, కొమురయ్య అని కొట్టాను. లిస్టులో నుంచి ఆ నంబరు పోయింది.

అందుకని అవ్వను ఇక్కడికి తీసుకురావద్దు. కరీంనగర్ పెద్ద దవాఖానలో చూపిద్దాము. రెండు రోజులు సెలవు అడిగాను, నేనే వచ్చి తీసుకుపోతాను. ఎందుకు రావద్దన్నానో ఆమెకు చెప్పకు. ఓదెలు అన్నది ఆమె మొక్కుకుని కొడుక్కు పెట్టుకున్న పేరు.

అమ్మకు, అవ్వకు నా దండాలు. నా మీద కోపం పెట్టుకోక దీవించు.

జవాబు రాసేటప్పుడు కవరు మీద ఓదెలు అని రాయకు బాపూ. కొమురయ్య క్వార్టరు అని రాయి. ఓదెలు అనే మనిషి ఇక్కడ ఎవరూ లేరు.

నీ కొడుకు,
తిరుపతి