మామయ్యగారి బంటు

ఆగస్టు 3, ఆదివారం

మళ్ళీ అదే భాగోతం. పెళ్ళయి ఏడాది దాటింది, మామయ్యగారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అత్తాపూర్‌లో వాళ్ళింటి సోఫాలో ఆయనకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను. లలిత్‌ను పిలిచి, మీ ఆవిడ ఇంకాస్త కాఫీ పుచ్చుకుంటుందేమో కనుక్కోరా అన్నారు. నేనేమన్నా చెవిటిదాన్నా? లలిత్ బుద్ధిగా నా వైపు తిరిగి, కాఫీ కావాలా సుమా అని అడిగాడు. ఈ మనిషినేమనాలి!

ఆయనకు చెప్పకుండా రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నామని కోపం. సరే. ఆ కోపమేదో నా మొహం మీదే చూపించొచ్చుగా. ఎయిర్‌పోర్ట్ చెక్-ఇన్ కౌంటర్లో రోజూ లగేజీ బరువెక్కువైన వాళ్ళందరి తిట్లూ తింటున్నాను, ఈయనవి నాలుగు తినలేనా? ఈ "మీ ఆవిడ" మాత్రం భరించలేకపోతున్నాను.

ఆయనతో రోజూ చెస్ ఆడే పక్క ఫ్లాట్ ఆయన బెంగళూరు మారిపోయారట. బోర్డు పరుచుకుని ఒక్కరే కూర్చున్నారు. నేనాడతానన్నాను. తొండుపల్లిలో మా బాపు దగ్గర చిన్నప్పటి నుంచీ ఆడినదాన్నే. ఆయన లలిత్‌తో, మీ ఆవిడను నల్లపావులు తీసుకోమను అన్నారు.

ముందు మంత్రి బంటు రెండు గళ్ళు జరిపారు. నేనూ అలాగే జరిపాను. తర్వాత శకటు ముందున్న బంటును తెచ్చి దాని పక్కన పెట్టారు. ఊరికే దొరుకుతోంది కదా, కొట్టేశాను. కాసేపట్లో నా ఆట అధ్వాన్నం. ఆఖర్న, చెక్ అని మీ ఆవిడకు చెప్పరా అన్నారు.

చెక్ కూడా మొగుడి ద్వారానే!

ఆగస్టు 5

కార్గోలో పనిచేసే నవీన్‌కుమార్‌ను బ్రేక్‌లో పట్టుకున్నాను. కొత్తూరు వాడు, టోర్నమెంట్లు ఆడతాడు. గట్ల ఊకె ఇచ్చిన బంటును ముట్టొద్దక్కా, అది ఎర అన్నాడు. క్వీన్స్ గాంబిట్ అంటారట. తీసుకోకపోతే డిక్లైన్డ్. రాజు ముందు బంటును ఒక్క గడి జరిపి, నడిమి బంటుకు కాపలా పెట్టి, గమ్మున ఉండాలట.

ఎదురుగా పెట్టింది వద్దంటే మా అమ్మ వీపు చిట్లగొట్టేది. చెయ్యి దురద పెడుతోంది.

ఆగస్టు 8

ఆ బంటు జరిపాక నా శకటు ఒకటి లోపలే ఇరుక్కుపోతోంది. ఇదేం ఓపెనింగ్? మనం తలుపు మూసుకుని మనమే ఊపిరాడక చావడమా? జర ఓపిక పట్టక్కా అంటాడు నవీన్. ఓపికట! ఏడాదిగా నేను పడుతున్నదేమిటి మరి?

ఓపెనింగ్ వరకే మళ్ళీ మళ్ళీ ఆడిస్తున్నాడు. అది నోటికొచ్చినంక మిగతాది చూద్దాం, ఇగ పరేషాన్ కాకు అంటాడు.

ఆగస్టు 10, ఆదివారం

వాన. ఫ్లైట్లన్నీ లేటు. డబుల్ డ్యూటీ. లలిత్ ఒక్కడే అత్తాపూర్ వెళ్ళొచ్చాడు. మీ ఆవిడ రాలేదేం అని అడిగారట.

ఆగస్టు 13

బాపుకు ఫోన్ చేసి నా తిప్పలు చెప్పుకున్నాను. ముంగట పెట్టిన బంటును కొట్టకపోవుడేంది బిడ్డా, భయపడ్డవా అన్నాడు. తర్వాత గొంతు మారింది. ఆయన మాట్లాడకుంటే పాయె, నువ్వెందుకు ఊకె గాడికి పోతున్నవు అన్నాడు.

ఎందుకు పోతున్నానంటే, నాకు కావాలి. ఆ ఇల్లు కావాలి, ఆ ముసలాయన కావాలి. లలిత్ నవ్వు అచ్చం ఆయనదే. అత్తయ్యగారితో నవ్వుతారు, పాలబ్బాయితో నవ్వుతారు, నన్ను చూడగానే మూతి బిగిస్తారు. రేపు నాకో బిడ్డ పుడితే ఆ పిల్లదాని చేత కూడా కబుర్లు పంపుతారా? ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

ఆయన నోరు తెరిపించకపోతే నా పేరు సుమలత కాదు.

ఆగస్టు 17, ఆదివారం, సాయంత్రం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

అవే రెండు బంట్లు జరిపారు. నేను ముట్టుకోలేదు. రాజు ముందు బంటు ఒక్క గడి జరిపి చేతులు కట్టుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇది ఎవరు నేర్పారో మీ ఆవిడను అడుగు అన్నారు. మా ఆఫీసులో నేర్చుకున్నానని మీ నాన్నగారికి చెప్పు అన్నాను నేను. లలిత్ అటూ ఇటూ మెడ తిప్పీ తిప్పీ, మిర్చిబజ్జీలు తెస్తానని చెప్పులేసుకుని పారిపోయాడు. ఆయన అత్తయ్యగారి కోసం చూశారు. నాకు వంటింట్లో పనుంది, మీరూ మీరూ చూసుకోండని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. బంగారుతల్లి!

ఇక మధ్యలో ఎవరూ లేరు. ఆయన నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

నవీన్ నేర్పినంత వరకు బాగానే నిలబడ్డాను. అది అయిపోయాక అంతా అడవే. రాజును ఏనుగు చాటుకు పంపే క్యాస్లింగ్ మర్చేపోయాను. ఆయన గుర్రమూ మంత్రీ కలిసి నా రాజు మీదికి వచ్చేస్తున్నాయి. నా చెయ్యి దానంతటదే లేచింది. రాజును తీసి గుర్రంలా ఒక్క దూకు దూకించి, భద్రంగా పక్కకు పెట్టాను. తొండుపల్లిలో అందరూ చేసేదే. ఒక్కసారి కూడా చెక్ పడకపోతే, ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి రాజు అలా దూకొచ్చు.

మామయ్యగారు లేచి నిలబడ్డారు. ఏమిటమ్మా అది! రాజు దూకడమేమిటమ్మా? నీకేమైనా మతిపోయిందా? అని కేకలేశారు.

నన్నే. నా మొహంలోకి చూసి.

కాళ్ళకు దండం పెట్టాల్సింది. నాకేమో ఒళ్ళు మండింది. మా ఊళ్ళో దూకుతుందన్నాను. అది చెస్సే కాదన్నారు. మా బాపు నేర్పాడన్నాను. అయితే మీ బాపు తప్పు నేర్పాడన్నారు. బాపునంటే ఊరుకుంటానా? టీపాయ్ మీదున్న ఆయన ఫోనే తీసి బాపు నంబరు కొట్టి స్పీకర్‌లో పెట్టాను.

మా తాతల కాడ్నించి గిట్లనే ఆడుతున్నం సార్, రాజన్నంక ఒక్కపారన్నా దూకకుంటే ఆయనేం రాజు అన్నాడు బాపు. చూడండి మల్లేశ్వర్‌గారూ, దేనికైనా నియమాలంటూ ఉంటాయి కదండీ అన్నారు ఈయన. మా పెళ్ళికి కూడా కలుసుకోని మనుషులు! ఇద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. లలిత్ బజ్జీల పొట్లంతో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

చివరికి నా రాజును వెనక్కి పెట్టించి, ముట్టుకున్నావు కాబట్టి దాన్నే జరపాలన్నారు. జరిపాను. ఓడిపోయాను.

ఆగస్టు 18

క్యాస్లింగ్ ఎట్ల మరిచినవక్కా అని నవీన్ తల పట్టుకున్నాడు. ఏమని చెప్పను? రాత్రంతా నాకదే గుబులు. నిన్నటిది కోపంలో జారిన మాట. వచ్చే ఆదివారం మళ్ళీ "మీ ఆవిడ" అంటే ఇక నేను తట్టుకోలేను.

ఆగస్టు 20

మధ్యాహ్నం బ్రేక్‌లో కొత్త నంబరు నుంచి ఫోన్. మామయ్యగారు. భోంచేశావా అమ్మా అన్నారు. నేనేదో గొణిగేలోపే పెట్టేశారు.

నా నంబరు ఆయనకెవరిచ్చారు? లలిత్ తనివ్వలేదంటాడు. అత్తయ్యగారూ ఇవ్వలేదట.

బాపు ఇచ్చాడట.