నూనె రాయని చేతులు

అత్తయ్యా,

మీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఈరోజు మీ తద్దినం. విస్తట్లో తొనలు వడ్డించడానికి పనసపండు తెప్పించాను.

కొత్త కోడలిగా నేను మొదటిసారి పనస కోసిన రోజున నూనె గిన్నె ఎంత వెతికినా కనబడలేదు. మీరే దాచారనుకున్నాను. బంకకు అతుక్కుపోయిన నా వేళ్లను చుట్టాలందరికీ చూపించి, "బీయే సదివినాదంట, చేతికి నూనె పూసుకోవల్లని తెలీదు!" అని మీరు నవ్వారు.

ఈ ఏడు పండును మీ కూతురి ముందు పెట్టాను.

"నూనె యాడ వదినా?" అని అడిగింది.

"నూనె లేకుండానే కొయ్యి. మీయమ్మ నాచేత అట్లే కోయించింది."

సగం పండు ఒలిచేసరికి ఆమె వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కన్నీళ్లు తుడుచుకోవడానికైనా చేతులు పనికిరాలేదు.

"ఆ పొద్దు గిన్నె దాచింది అమ్మ గాదు వదినా, నేను. అమ్మకు తెలీనే తెలీదు."

ఇన్నేళ్లూ నేను మీమీద మోపిన నేరం మీది కాదన్నమాట. అయినా క్షమాపణ అడగను అత్తయ్యా. దాచింది ఆమె కావచ్చు, నవ్వింది మాత్రం మీరే.

నూనె గిన్నె నా వెనకే, అలమరలో ఉంది. తీయలేదు. మిగిలిన సగం కూడా కొయ్యమన్నాను.