కొండమ్మ నెత్తురుకి పేటెంటు

డుంబ్రిగుడ, 8 ఆగస్టు 2003

ఊరంతా మలేరియాతో మూలిగినా కొండమ్మకి ఎన్నడూ జ్వరం రాలేదని, పట్నం పరిశోధకులొచ్చి ఆమె నెత్తురు తీసుకెళ్లారు. ఒప్పుకోలు కాగితం మీద ఆమెచేత వేలిముద్ర వేయించింది నేనే, ఈ ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ని. ఆ నెత్తురులో దొరికిన యాంటీబాడీకి పేటెంటు వచ్చిందని ఇవాళ ఉత్తరం వచ్చింది. నాకు థ్యాంక్స్ చెప్పారు. ఆమెకి మాత్రం పేరు కూడా లేదు, శాంపిల్ నంబరే. ఒళ్లు మండిపోయింది.

సంతలో చోళ్లు అమ్ముకుని ఆసుపత్రికొచ్చిన ఆమెకి చదివి చెప్పాను.

"పేటెంటంటే ఏటి బాబూ?"

"వాళ్లనడక్కుండా అది ఇంకెవరూ తయారు చెయ్యకూడదు."

బుట్ట దించి ఆలోచించింది.

"నా ఒంట్లో రోజూ తయారవుతుంది గదా. మరి దానికీ ఏలిముద్ర ఎయ్యాలేటి?"

నవ్వులాటకి అనలేదు. బొటనవేలు చీరకొంగుకి తుడుచుకుని నా ముందు పెట్టింది.