తొమ్మిది పాటలు దక్కాయి

అన్నయ్యా,

ఈ ఉదయం నీ లాప్‌టాప్ తెరవగానే లోపల ఎవరో గోరుతో తట్టినట్టు చప్పుడైంది. లైనక్స్ తెర నిండా డిస్కు చదవలేకపోతున్నానన్న వరుసలే. నువ్వు పోయాక మిగిలిన నీ పాటల రికార్డింగులన్నీ అందులోనే ఉన్నాయి. ఆఫీసుకి తెచ్చి, కంగారులో డిస్కునంతా గాలించే రిపేరు కమాండు కొట్టబోయాను. పక్క సీటు యాదగిరి అడ్డుపడ్డాడు.

"ఏంది మేడం, పానం పోతున్నోన్ని పరుగు పెట్టిస్తరా? జర ఆగుండ్రి, ముందుగాల పాటలు కాపీ తీస్కోండ్రి!"

కాపీ అవుతున్నంతసేపూ కూర్చోలేక కిటికీకీ తెరకీ మధ్య తిరిగాను. కొండాపూర్ రోడ్డు మీద ఏం కనిపించిందో గుర్తులేదు. పదకొండు పాటల్లో తొమ్మిది దక్కాయి. తర్వాత డిస్కు మళ్లీ తిరగలేదు.

"ఒకటి పెట్టుండ్రి, విందాం" అన్నాడు యాదగిరి.

స్పీకర్లు పాడయ్యాయన్నాను.

నువ్వు వెళ్లిన రోజు నుంచి నేను ఒక్కటీ వినలేదు.