ఇత్తడికి పుట్టిల్లెక్కడ

మార్చి 4
ఫ్రీ ట్రేడ్ ఒప్పందం ఈరోజు నుంచి అమల్లోకి వచ్చింది. బయటి దేశం తాళాల మీద ఇక సుంకం లేదు. హోల్‌సేల్ షావుకారు ఒకటి నా చేతిలో పెట్టి, మీ తాళం ధరకి ఇవి మూడొస్తాయమ్మా అన్నాడు. నెల తిరక్కుండా తుప్పు పడతాయిలే అనుకున్నాను. మేస్త్రికి ఇచ్చి సంగతి తేల్చమన్నాను. నాన్న హయాం నుంచీ మా వర్క్‌షాపులో ఉన్న మనిషి.

మార్చి 7
మేస్త్రి దాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టాడు. సుత్తితో బాదాడు. తీగతో కెలికాడు. ఈరోజు తెచ్చి నా బల్ల మీద పెట్టి, బాగానే చేశారమ్మాయ్ అన్నాడు.
నన్ను తిట్టినా బాగుండేది.

మార్చి 29
ఇద్దరు పనివాళ్లను మానిపించాను. ఇక మిగిలింది మేస్త్రీ, నేనూ.

ఏప్రిల్ 2
పరిశ్రమల ఆఫీసులో మీటింగ్. మనం కూడా ఆ దేశంలో సుంకం లేకుండా అమ్ముకోవచ్చని, చిన్నవాళ్లకి ఇది పెద్ద ఛాన్సని ఆఫీసరు చెప్పాడు. ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. మానిపించిన ఇద్దరినీ మళ్లీ ఎలా పిలవాలా అని బస్సులో ఆలోచించాను.

ఏప్రిల్ 23
అక్కడ సుంకం మాఫీ కావాలంటే సరుకు ఇక్కడే పుట్టిందని సర్టిఫికెట్ కావాలట. తాళం నా కళ్లముందే పుట్టింది. మరి ఇత్తడి ఎక్కడ పుట్టిందని క్లర్కు అడిగాడు. పాత కుళాయిలు, విరిగిన గొళ్లాలు తుక్కు కొట్టు నుంచి బస్తాల్లో వస్తాయి, కరిగిస్తాం. వాటి పుట్టిల్లు ఎవరికి తెలుసు? కొట్టువాణ్ణి కాగితం అడిగితే, తుక్కుకి జాతకం రాయిస్తావా అక్కా అని నవ్వాడు. పెద్ద కంపెనీల్లో ఈ కాగితాలకే ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుందట. నా డిపార్ట్‌మెంట్ నేనే.

మే 11
ఫారం వెనక్కొచ్చింది. ఇత్తడి గడి ఖాళీగా ఉందని.

మే 12
మేస్త్రి మధ్యాహ్నానికి గాని రాలేదు. ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా కుదిరానని నా వంక చూడకుండా చెప్పాడు. తాళంచెవులు అరగదీసే తన ఆకురాళ్లు గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాడు. నీవే కదా, తీసుకెళ్లమన్నాను. అక్కడ తలుపులు కార్డుతో తెరుచుకుంటాయమ్మాయ్ అన్నాడు.

జూన్ 6
షావుకారు వచ్చాడు. మేము తాళాల మీద కొట్టే నాన్న పేరు కావాలట. జనం ఇంకా ఆ పేరే అడుగుతున్నారట. ఇస్తే, అక్కడి ఫ్యాక్టరీలోనే తాళాల మీద కొట్టించి తెప్పిస్తాడట. మనిషి పోయినా పేరు మిగిలింది, దాన్నీ పాతేస్తావా అన్నాడు. వద్దన్నాను.

జూన్ 9
మూడు రోజులు షట్టరు తీసి కూర్చున్నాను. ఈగ కూడా వాలలేదు. సంతకం పెట్టాను.

జూలై 15
శాంపిల్ వచ్చింది. అమ్మ చేతికిచ్చాను. అమ్మకి చూపు ఆనదు. నాన్న పేరు వేలితో తడిమి చదువుకుంది. ఇన్నాళ్లకి మీ నాన్న పనితనం నీకు పట్టుబడిందే అంది.
ఊఁ అన్నాను.