వీరు లేనప్పుడు

ఒకటో తేదీ

జనన మరణాల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న అమ్మగారికి, పట్టణ కార్యాలయం అత్యవసర విభాగం గుమస్తా నమస్కరించి రాసుకునేది.

నేను ఈ సీటుకు కొత్త. వచ్చీ రాగానే బీరువాలో మీరు తయారుచేసిన విపత్తు ప్రణాళిక దొరికింది. వరదొచ్చినా, నిప్పంటుకున్నా ఆఫీసు పని ఒక్కరోజు కూడా ఆగకూడదని దాని సారాంశం. ప్రతి పనికీ మూడు పేర్లుండాలని మీరే రాశారు. మొదటివారు లేకపోతే రెండోవారు, వారూ లేకపోతే మూడోవారు. జనన మరణాల నమోదుకు రెండో పేరు మీది. పదవీ విరమణ చేసినా ఐదేళ్ళదాకా పిలిస్తే రావాలన్న షరతూ మీరు పెట్టిందే. కాబట్టి తప్పించుకోలేరు.

వానలు దగ్గరపడ్డాయి. వచ్చే సోమవారం ఉదయం పదింటికి రిహార్సల్. మీ ఇంట్లో ఒక సూట్‌కేసు ఉండాలి. అందులో ఖాళీ రిజిస్టరు, ప్రణాళిక నకలు ఉన్నాయట. అది తీసుకుని రాగలరు. ఆఫీసు మునిగితే మీ ఇంటి ముందుగదే మన ప్రత్యామ్యాయ కార్యాలయమని కూడా ఇందులో ఉంది. ఇంట్లోవాళ్ళకు ఒక మాట చెప్పి ఉంచండి.

మీ రాక కోసం ఎదురుచూసే,
అత్యవసర విభాగం గుమస్తా

తా.క.: టీ గ్లాసు ఎవరిది వారే తెచ్చుకోవాలి. కిందటేడు గ్లాసులు చాలక విపత్తును మధ్యాహ్నానికి వాయిదా వేశారట.

*

నాలుగో తేదీ

గుమస్తాగారికి,

మీ ఉత్తరం అందింది. మా ఆవిడ లేరు. ఆరు నెలలైంది.

సూట్‌కేసు అటకమీద, ఆవిడ పెట్టినచోటే ఉంది. నేను ముట్టుకోలేదు. ఆవిడ పేరు జాబితాలోంచి తీసేయగలరు.

ఇట్లు,
ఆవిడ భర్త

తా.క.: 'ప్రత్యామ్యాయ' కాదు, 'ప్రత్యామ్నాయ'. మ కింద న వత్తు. ముప్పై రెండేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. తప్పు కనిపిస్తే ఊరుకోలేను.

*

తొమ్మిదో తేదీ

అయ్యా, నమస్కారం.

ఆవిడ లేరని రాశారు. 'లేరు' అన్న గడిలో టిక్కు పెట్టాను. కానీ దాని పక్కనే 'తిరిగి వచ్చు తేదీ' అని ఇంకో గడి ఉంది. అది ఖాళీగా ఉంటే మా సూపరింటెండెంటుగారు కాగితం మొహాన కొడతారు. ఆరు నెలలంటే పెద్ద ప్రయాణమే. పిల్లల దగ్గరికి వెళ్ళారా? ఎప్పుడొస్తారో ఒక్క ముక్క రాస్తే పుణ్యముంటుంది.

రిహార్సల్ బ్రహ్మాండంగా జరిగింది. గంట కొట్టాం. అందరం మేడెక్కాం. మేడెక్కాక గంట అక్కడికి తీసుకురావాల్సిందని ఎవరో అన్నారు. మళ్ళీ దిగాం. మొత్తమ్మీద మునిగింది సూపరింటెండెంటుగారి కళ్ళజోడొక్కటే, బకెట్లో.

విధేయుడు,
అత్యవసర విభాగం గుమస్తా

తా.క.: వత్తు సంగతి చెప్పినందుకు కృతజ్ఞతలు. కానీ మీ ఉత్తరం అందేసరికే నేను రాసిచ్చిన అక్షరాలతో రబ్బరు ముద్ర తయారైపోయింది. ఇక విపత్తు వచ్చినా ఆ తప్పుతోనే రావాలి.

*

పన్నెండో తేదీ

గుమస్తాగారికి,

పిల్లల దగ్గరికి కాదు. మాకు పిల్లలు లేరు. ఈ 'లేరు'కు తేదీ అడగకండి.

ఆవిడ వెళ్ళిపోయారు. తిరిగి రారు. ఆ గడి కొట్టేయండి.

ఇట్లు,
ఆవిడ భర్త

తా.క.: 'కృతజ్ఞతలు' సరిగ్గా రాశారు. చాలామంది రాయరు.

*

పదహారో తేదీ

పెద్దాయనగారికి, మీ మేలు కోరే గుమస్తా రాసేది.

మీ ఉత్తరం చదివి మా సెక్షనంతా టీ తాగడం ఆపేసింది. ఈ వయసులో ఇల్లు వదిలి వెళ్ళిపోవడమంటే మాటలా! పరాయివాణ్ణి, చెప్పకూడదు. అయినా నోరు ఊరుకోదు కదా. ఆలుమగలన్నాక గిన్నె, గరిటె లాంటివాళ్ళు. తగులుకోకుండా వంట కాదు. పోయినేడు మా ఆవిడ కూడా పుట్టింటికి వెళ్ళిపోయింది, పదకొండు రోజులు. కూరలో ఉప్పెక్కువైందని అన్నానట. నాకు గుర్తే లేదు. పన్నెండో రోజు వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. "ఏం, ఉప్పు సరిపోతోందా?" అంది. "వండుకుంటే కదా!" అన్నాను. సంచి తీసుకుని బయటికొచ్చింది.

మీరూ వెళ్ళండి. పౌరుషం కూడు పెట్టదు. కోపం తెచ్చుకోనంటే ఇంకో మాట. ప్రూఫులు దిద్దినట్టు ఆవిడను కూడా దిద్దుతూ వచ్చారేమో, ఒకసారి ఆలోచించండి.

ఇకపోతే, జాబితాలోంచి పేరు తీయాలంటే ఆవిడ సంతకం కావాలి. ఆ నిబంధన కూడా ఆవిడ రాసిందే. ఇప్పుడు ఎక్కడున్నారో చిరునామా ఇస్తే కాగితం నేరుగా అక్కడికే పంపుతాను.

మీవాడనుకోండి,
గుమస్తా

తా.క.: వెళ్ళేటప్పుడు ఉత్తచేతులతో వెళ్ళకండి. అనుభవంతో చెబుతున్నాను.

*

పంతొమ్మిదో తేదీ

గుమస్తాగారికి,

దిద్దాను. సరుకుల చీటీలు కూడా దిద్దాను, ఎర్ర సిరాతో. ఆవిడ 'చెక్కర' అని రాసేవారు. కొట్టేసి 'చక్కెర' అని రాసేవాణ్ణి. ఆఫీసు రిజిస్టరులో ఇరవై తొమ్మిదేళ్ళు ఒక్క తప్పు రాయని మనిషి ఇంటి చీటీలో ప్రతి నెలా అదే తప్పు రాసేవారు. కావాలనే రాసేవారేమోనని ఈమధ్యే తోచింది.

చివరి చీటీ కూడా దిద్దాను. అది చివరిదని తెలియదు.

మీరడిగిన చిరునామాకు తపాలా వెళ్ళదు.

ఇట్లు,
ఆవిడ భర్త

*

ఇరవై ఆరో తేదీ, పడవ మనిషి చేత

పెద్దాయనగారికి,

బల్ల లేదు, మోకాలిమీద పెట్టి రాస్తున్నాను. తప్పులుంటే ఈ ఒక్కసారికి వదిలేయండి.

నిన్న మధ్యాహ్నం ఆఫీసులోకి నీళ్ళొచ్చాయి. మేడెక్కాం. ఈసారి ఎవరూ గంట కోసం దిగలేదు. అక్కడినుంచి పడవల్లో బడి భవనానికి చేర్చారు. కింద సెక్షన్లన్నీ, ముద్రలతో సహా, నీళ్ళలో ఉన్నాయి.

ఇప్పుడున్న జనన మరణాల గుమస్తా ఏటికి అవతల చిక్కుకుపోయింది. రెండో పేరు మీ ఆవిడది. తపాలా కూడా వెళ్ళని ఊరు పట్టుకుని కూర్చున్నారు. మూడో పేరున్న పేజీ తడిసి ముద్దయింది. నకలు మీ సూట్‌కేసులో ఉంది. దయచేసి దింపి తెరవండి. ఆ మూడో మనిషెవరో చూసి, చెయ్యి పట్టుకు లాక్కొచ్చయినా సరే మీ ముందుగదిలో కూర్చోబెట్టండి. మీ వీధి మెరక కాబట్టి జనాన్ని అక్కడికే పంపుతున్నాం.

ఇది మామూలు కాగితాల గొడవ కాదు. పుట్టిన కాగితం చూపిస్తేనే శిబిరంలో పసిబిడ్డకు పాల డబ్బా ఇస్తున్నారు. మరణ ధ్రువపత్రం లేకపోతే ఆస్పత్రివాళ్ళు మనిషిని ఇంటివాళ్ళకు అప్పగించడం లేదు.

గుమస్తా

తా.క.: రబ్బరు ముద్ర పంపుతున్నాను. ఆ తప్పు ముద్రే. నా అల్మరా పై అరలో ఉండబట్టి మిగిలింది. ఊళ్ళో ఇప్పుడు ఉన్న ముద్ర అదొక్కటే.

*

ఇరవై తొమ్మిదో తేదీ

గుమస్తాగారికి,

సూట్‌కేసు దించాను. తెరిచాను.

మూడో పేరు నాది.

నన్ను అడగలేదు. అడిగితే ఒప్పుకోనని ఆవిడకు తెలుసు. 'వీరు లేనప్పుడు' అన్న గడిలో నా పేరు. 'ఎంపికకు కారణం' అన్న గడిలో ఇలా ఉంది: "తప్పు పోనివ్వరు. ఇల్లు కదలరు. చేతిలో పని లేకపోతే తిండి మానేస్తారు." కింద అప్పటి సూపరింటెండెంటుగారి సంతకం ఉంది. చదివి పెట్టారో, చదవకుండా పెట్టారో.

ముందుగదిలో బల్ల వేశాను. మూడు రోజుల్లో పదిహేడు జననాలు, పది మరణాలు రాశాను. మొదట వచ్చింది ఒక ముసలావిడ, మనవరాలిని తువ్వాలులో చుట్టుకుని.

"బిడ్డ పేరేమిటమ్మా?" అన్నాను.

"ఇంకా పెట్టలేదయ్యా. నీళ్ళు తగ్గనీ."

"ఫరవాలేదు, ఆ గడి ఖాళీగా ఉంచొచ్చు."

"ఖాళీ కాగితానికి పాలు పోస్తారా వాళ్ళు? నీ పేరే రాసిపారెయ్, తర్వాత మార్చుకుంటాం."

"ఆడపిల్ల కదమ్మా!"

"పాల డబ్బాకు ఏం తెలుసయ్యా?"

ఖాళీగానే ఉంచి ముద్ర వేశాను. పాలు ఇచ్చారట. సాయంత్రం వచ్చి చెప్పి వెళ్ళింది. "ముసలాయన నిదానం గాని నిఖార్సు" అని గుమ్మం దగ్గర ఎవరితోనో అంటుంటే వినబడింది.

ఇట్లు,
మూడో పేరు

తా.క.: ఈ మూడు రోజులూ వేళకు తిన్నాను. ఆ గడిలో రాసింది నిజమే.

*

ఏడో తేదీ

పెద్దాయనగారికి, వెయ్యి నమస్కారాలు.

నీళ్ళు తగ్గాయి. పట్టణం మొత్తంలో ఒక్కరోజు కూడా ఆగని విభాగం మీదొక్కటే. మీరు రాసిన నకళ్ళు చూసి సూపరింటెండెంటుగారు, "ఒక్క కొట్టివేత లేదేం?" అని అనుమానంగా అడిగారు. అదృష్టవశాత్తూ కొత్త కళ్ళజోడు ఇంకా రాలేదు, ముద్రలో తప్పు ఆయనకు కనబడలేదు.

ఇప్పుడొక చెడ్డ కబురు. ప్రణాళికలో పేరుండి రానివాళ్ళ జాబితా పైఆఫీసు అడిగింది. మీ ఆవిడ పేరుకు ఎదురుగా 'విపత్తు సమయంలో విధికి గైర్హాజరు' అని రాయమంటున్నారు. ఆవిడ సర్వీసు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క మచ్చ లేదు. మొదటి మచ్చ నా చేత్తో పెట్టాలంటే కలం కదలడం లేదు. మీరు రాసిన 'లేరు' కారణం కిందికి రాదట. 'వెళ్ళిపోయారు' కూడా చెల్లదట. శుక్రవారంలోగా సూటిగా ఒక్క మాటలో కారణం రాయించి పంపండి. లేకపోతే ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది.

మీ గుమస్తా

తా.క.: ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి మీకు మొహమాటమైతే నేను వెళ్తాను. కాళ్ళు పట్టుకుని అయినా తీసుకొస్తాను. దారి చెప్పండి. ఎంత దూరమైనా ఫరవాలేదు.

*

తొమ్మిదో తేదీ

గుమస్తాగారికి,

సూట్‌కేసు అడుగున ఇంకో కాగితం ఉంది. ఆ సీట్లో కూర్చునేవారికి ఆవిడ రాసిపెట్టిన సూచనలు. "ముందు కుర్చీ. తర్వాత మంచినీళ్ళు. ఆ తర్వాతే ప్రశ్న. పుట్టినవాళ్ళ కోసం వచ్చేవాళ్ళు గడగడా చెబుతారు. చనిపోయినవాళ్ళ కోసం వచ్చేవాళ్ళు 'లేరు' అంటారు. రిజిస్టరుకు ఆ మాట చాలదు. అయినా తొందరపెట్టకండి. అసలు మాట మీరు అందించకండి. వాళ్ళ నోటితో వాళ్ళే అనాలి."

బల్ల వేసిన రెండో రోజున ఒకతను వచ్చాడు. గొడుగు మడవడం కూడా మరిచిపోయాడు. "మా నాన్న లేరండీ" అన్నాడు. కుర్చీ చూపించాను. నీళ్ళిచ్చాను. "లేరంటే?" అని అడిగాను. అడిగాక, నన్ను మీరు అడిగింది గుర్తొచ్చింది. అతను గ్లాసు ఖాళీ చేసి, కిందపెట్టి, ఆ మాట అన్నాడు. రాశాను. ముద్ర వేశాను. మధ్యాహ్నానికి వాళ్ళ నాన్నను అప్పగించారు.

మీమీద కోపం లేదు. మీరు నీళ్ళివ్వకుండా అడిగారు, అంతే.

ఈ ఉదయం జనం రాకముందు, వచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. నీళ్ళు తాగాను. తర్వాత లేచి, బల్లకు అవతల కూర్చుని రాశాను. మరణాల రిజిస్టరు, వరుస సంఖ్య పదకొండు. నకలు జతచేశాను. డాక్టరు ఇచ్చిన చీటీ ఏడు నెలలుగా నా నిఘంటువులో ఉంది. అదీ పంపుతున్నాను.

మీకు కావలసిన ఒక్క మాట: మా ఆవిడ చనిపోయారు.

ఆవిడ గైర్హాజరు కాలేదు. తన బదులు మనిషిని పెట్టే వెళ్ళారు. సర్వీసు పుస్తకంలో అలా రాయండి.

దారి అడిగారు. మా ఇల్లు మీకు తెలిసిందే. సోమవారం పదింటికి రండి. గ్లాసు తెచ్చుకోండి.

ఇట్లు,
జనన మరణాల విభాగం,
మూడో పేరు

తా.క.: నకలు మీద ముద్ర చూడండి. య వత్తు అలాగే ఉంది. దిద్దలేదు.