రాహుకాలంల కదలని ఆర్డర్

తమ్మీ చైతన్యా,

రేగొండల మన విత్తనాల దుకాణానికి నువ్వు రెండు మెయిల్ యాప్‌లు పెట్టిస్తివి గదా. ఒకటి నొక్కంగనే పంపుతది. ఇంకోటి మనం పెట్టిన టైం దాకా ఆపి పంపుతది. బాపుకు ఆపేదే నచ్చింది. రాహుకాలం పొయ్యేదాకా ఒక్క మెయిల్ కదలనిస్తలేడు.

సోమవారం పొద్దున పత్తి విత్తనాల ఆర్డర్ గట్లనే ఆపిండు. ఎదురు దుకాణం కైలాసం రాహుకాలంలనే పంపి, కంపెనీ కాడున్న సరుకంత ఊడ్చుకపోయిండు. మన రైతులంత గిప్పుడు ఆయన దుకాణంలనే ఉన్నరు.

నేను మొత్తుకుంటే బాపు ఏమన్నడో తెలుసా? "యాప్ మంచిదేనే బిడ్డా. కైలాసం మెయిళ్లు గూడ ఆపేది దొరుకుతదేమో తమ్ముణ్ణి అడుగు."

జర జల్ది చెప్పు. గిదంత కాయితం మీదెందుకు రాసిన అంటవేమో, మెయిల్ పెడదామంటే గిప్పుడు సుత రాహుకాలమే నడుస్తున్నది.

నీ అక్క